పసుపు కొమ్ము, రబ్బరు పట్టీ

పొద్దున లేవగానే నడిపయ్య ముఖం కడుక్కొని, తూర్పుకు తిరిగి దండం పెట్టుకొని, పెరట్లో పాతిన ఇనుప పైపు ముందు గొంతుక్కూర్చునేవాడు. మనిషెత్తు పైపు. ఎవరి బోరులోంచో తుప్పుపట్టి బయటపడితే అడిగి తెచ్చుకున్నాడు. దాని ఒంటి నిండా కట్లే. నూలు దారం, జనపతాడు, చీరె పేలిక, సైకిల్ ట్యూబు ముక్క, లారీ ట్యూబు ముక్క, షార్జా నుంచి తెచ్చిన తెల్ల ప్లాస్టిక్ పట్టీ. ఒక్కొక్కదాన్ని వేలితో మీటి చూసేవాడు. ఎండకు ఏది పెళుసైంది, వానకు ఏది చివికింది, ఏది ఇంకా పట్టు విడవలేదు అని చూసుకునేవాడు. పిచ్చుకలు వచ్చి నూలు పోగులు పీక్కుపోతుంటే వెళ్లగొట్టేవాడు కాదు. మరునాడు అక్కడే కొత్త దారం కట్టేవాడు.

"చాయ సల్లారుతున్నది. నీ దేవుండ్లందరు లేసిండ్రా?" అని లోపలి నుంచి అతని భార్య నీలవ్వ అడిగేది.

"తెల్లోడు ఇయ్యాల ఇరిగిండే. నల్లోడు ఇంక పట్టుకొనే ఉన్నడు" అనేవాడు నడిపయ్య.

అతని పని బోర్లలో మోటర్లు దించడం. ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు రైతులు బావులు అడుగంటి బోర్లు వేయించుకుంటున్న కాలం అది. మోటరును పైపు చివర బిగించి, పైపుకు పైపు అతికించుకుంటూ భూమిలోకి దించుతారు. మోటరుకు కరెంటు తీసుకుపోయే వైరు ఆ పైపుల వెంబడే దిగుతుంది. బారెడు బారెడుకు దాన్ని పైపుకు కట్టాలి. కట్టు వదిలితే వైరు జారి, పైపుకూ బోరు గోడకూ నడుమ పడి రాసుకుంటుంది. రాసుకుంటే వైరు మీది తోలు లేస్తుంది. ఆ తర్వాత మోటరు కాలడమో, మనిషికి తగలడమో. మోటరు కొనేటప్పుడు రైతు కంపెనీ పేరు అడుగుతాడు, వైరు రాగిదేనా అని గీకి చూస్తాడు. దాన్ని కట్టే ముక్క సంగతి ఎవరూ అడగరు. నడిపయ్య బతుకు చాలావరకు ఆ ముక్క గురించిన ఆలోచనతోనే గడిచింది.

సిరికొండ దగ్గరి పల్లెలో ముగ్గురు అన్నదమ్ములలో నడిమివాడు కాబట్టి నడిపయ్య. ఏడో తరగతి దాకా చదివి, ఆర్మూర్‌లో మోటర్ల వైండింగ్ షాపులో చేరాడు. ఎనభై మూడులో షార్జా పోయాడు. అక్కడ కరెంటు బోర్డులు చేసే షెడ్డులో వైర్లను కట్టలుగా కట్టడం అతని పని. మేస్త్రీ కేరళ నుంచి వచ్చిన పెద్దాయన. శనివారం నడిపయ్య ఒక్కపొద్దు ఉంటాడని తెలిసి, ఆ రోజు ఎవరికీ చెప్పకుండా అతని చొక్కా జేబులో రెండు అరటిపండ్లు పెట్టి పోయేవాడు. పని నేర్పేటప్పుడు మాత్రం గట్టివాడు. వైరును చంటిబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోవాలి, జారొద్దు, నలగొద్దు అని చెప్పేవాడు. ఎవరైనా బలమంతా చూపించి బిగిస్తే ఆ కట్టు కోసి పారేసి మళ్లీ కట్టించేవాడు.

ప్లాస్టిక్ పట్టీని నడిపయ్య అక్కడే మొదటిసారి చూశాడు. ఒక కొసన చిన్న తల, తల లోపల కనిపించీ కనిపించని నాలుక, పట్టీ పొడుగునా సన్నని పళ్లు. తోకను తలలో దూర్చి గుంజితే టిక్కుటిక్కుమని ముందుకు పోతుందే గాని వెనక్కి రాదు. ఒక శుక్రవారం సెలవు పూట బ్లేడుతో దాని తలను నిలువునా కోసి, ఆ నాలుక ఎట్లా కూర్చుందో చూస్తూ ఉండిపోయాడు. ముడి లేకుండా ముడి. ఎవరికి తట్టిందో, వాణ్ని కన్న తల్లి కడుపు చల్లగుండ అనుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక సంచినిండా ఆ పట్టీలు తెచ్చుకొని బోరు వైర్లకు కట్టాడు. బోరు లోపల నీడన ఉన్నవి బాగానే ఉన్నాయి. భూమి మీద ఎండకున్నవి ఒక్క వేసవికే పసుపుపచ్చగా మారి, పెంకుల్లా విరిగాయి. సంచీ అయిపోయింది. ఆర్మూర్‌లో అప్పటికి అవి దొరికేవి కావు. మళ్లీ అందరిలాగే సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ముడి వేయడం మొదలుపెట్టాడు. తడిస్తే ఆ ముడి జారేది. రబ్బరులోనే ఆ తల, ఆ తోక పుట్టించలేమా అని అప్పటి నుంచి ఒకటే ధ్యాస.

దారి ఆర్మూర్ సిద్దులగుట్ట గుడి కింద దొరికింది. దర్శనం చేసుకొని దిగివచ్చేసరికి మెట్ల దగ్గర ఒక ముసలవ్వ వారు ఊడిన హవాయి చెప్పు పట్టుకొని కూర్చుంది. నడిపయ్య పక్కన కూర్చొని, ఆ వారును మళ్లీ చెప్పు బొందలోకి, ఆ చిన్న కంతలోకి దూర్చసాగాడు. వారు కొసన గుండీ లాంటి తల, దాని మీద సన్నని మెడ. దూరేటప్పుడు నలిగి దూరింది, దూరాక విచ్చుకొని కూర్చుంది. అవ్వ చెప్పులు వేసుకొని "నీ కాళ్లల్ల ముల్లు ఇరుగద్దు కొడుకా" అని దీవించి వెళ్లిపోయింది. అతను మాత్రం అక్కడే చాలాసేపు కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి లారీ ట్యూబును పట్టీలుగా కోశాడు. ఒక కొసను పాము పడగలా చెక్కాడు. రెండో కొసన చీలిక పెట్టాడు. పడగను చీలికలోంచి గుంజితే అవతల విచ్చుకొని ఆగింది. కాని నాలుగు రోజులకు చీలిక చినిగిపోయింది. చీలిక రెండు చివర్లా గుండ్రటి చిన్న బొంద కొట్టి చూశాడు. చినుగుడు ఆ బొంద దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆ పట్టీ తడిసినా జారలేదు, ఎండినా విరగలేదు. రబ్బరు కాబట్టి వైరును నలపలేదు. మధ్యాహ్నం పూట నీలవ్వ బీడీల చాట పక్కన పెట్టి, బీడీ ఆకు కోసే కత్తెరతోనే పట్టీలు కోసిపెట్టేది.

చినిగిన ట్యూబులు బస్టాండు దగ్గర పంక్చర్ షాపు దేవిదాస్ దాచి ఉంచేవాడు. ఉత్తగా దాచడం కాదు, మట్టి కడిగి, ఆరబెట్టి, చుట్ట చుట్టి పెట్టేవాడు.

"నీ కోసం లారోళ్ల టైర్లు పగలాలని మొక్కాల్నా ఏందిరా నడిపీ?" అనేవాడు.

"వద్దు సేటు. పగిలినయే సాలు" అనేవాడు ఇతను.

ఇట్లా ఉండగా లింగన్న బోరు వచ్చింది.

ఈ దిక్కు ఒక ఆచారం ఉంది. కొత్త బోరులో నీళ్లు పడి మోటరు దించిన రోజు ఆ ఇంటి ఇల్లాలు తలస్నానం చేసి, తమ చేలో పండిన పసుపులోంచి మంచి కొమ్ము ఒకటి ఏరి తెచ్చి, పసుపు నూలు దారంతో బోరు పైపుకు కడుతుంది. గంగమ్మ తల్లికి కంకణం కట్టినట్టు. ఆ దారం ఏడాదికో రెండేళ్లకో చివికి తెగిపోతుంది. ఎవరూ పట్టించుకోరు. కాని పెర్కిట్ దారిలో లింగన్న మొదటి బోరు మీద దారం తెగి, కొమ్ము బోరులోనే పడిపోయింది. ఆ ఎండాకాలమే బోరు ఎండింది. రెండో బోరు వేసిన రోజు లింగన్న భార్య వెంకవ్వ కొమ్ము చేత పట్టుకొని నడిపయ్య దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, ఈసారి తెగనియ్యకు. నేను దారం సుట్టిన. నువ్వు జర దాని మీదికెళ్లి గట్టిగ కట్టు" అంది.

రబ్బరు పట్టీ నడిపయ్య చేతిలోనే ఉంది. కాని తల్లికి కట్టే పసుపును లారీ ట్యూబుతో కట్టడానికి అతనికే మనసు ఒప్పలేదు. సంచిలో కొత్త బైండింగ్ వైరు చుట్ట ఉంది, వెండిలా మెరుస్తూ. ఆ ఇనుప తీగతో కొమ్మును పైపుకు చుట్టి, పట్కారుతో మెలిపెట్టి బిగించాడు. మోటరు వైరు అక్కడే పైపును ఆనుకొని పోతోంది. తీగ దాని మీది నుంచే పోయింది. మేస్త్రీ మాట గుర్తుకు రాకపోలేదు. వైరు తోలు మందంగా ఉంది, ఒక్క కట్టుకు ఏమవుతుందిలే అనుకున్నాడు. శుభం జరిగే వేళ వెంకవ్వకు కాదని చెప్పడం ఎట్లా?

ఆ బోరులో నీళ్లు విరగపడ్డాయి. పసుపు అమ్ముకోవడానికి ఆర్మూర్ మార్కెట్‌కు వచ్చిన రైతులు లింగన్న బోరు సంగతి చెప్పుకున్నారు. తీగతో కొమ్ము కట్టించాడట, తల్లి కదలకుండా కూర్చుందట అన్నారు. ఆ తర్వాత ఎక్కడ మోటరు దించినా ఇల్లాళ్లు అదే అడిగారు. "లింగన్నకు కట్టినట్టే కట్టు నడిపయ్యా" అని. కట్టాడు. అంకాపూర్ దిక్కున కట్టాడు, మోర్తాడ్‌లో కట్టాడు, ఎక్కడెక్కడ కట్టాడో అన్నీ వెంటనే గుర్తుకు రానంతగా కట్టాడు.

తొంభై రెండులో మాఘమాసం. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులు. లింగన్న చేలో కడాయిల కింద మంటలు ఉన్నాయి. వెంకవ్వ ఉడికిన పసుపు ఎత్తి పోసి, చేతులు కడుక్కుందామని నడుస్తున్న బోరు దగ్గరికి పోయింది. బురదలో కాలు జారుతుంటే ఎడమ చేత్తో పైపు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి విడవలేదు. లింగన్న ఉరికివచ్చి ఎండు కట్టెతో ఆ చేతి మీద కొట్టి విడిపించాడు. ఫ్యూజు కొట్టేయాల్సింది, కొట్టేయలేదు. మాటిమాటికీ పోతోందని దాంట్లో లావు తీగ వేసుకున్నాడు లింగన్న, అందరు రైతులలాగే. నిజామాబాద్ దవాఖానలో వెంకవ్వ ప్రాణం నిలిచింది. ఎడమచేతి వేళ్లు మాత్రం ముడుచుకుపోయాయి.

కబురు విన్న రోజే నడిపయ్య సైకిల్ తీసుకొని ఆ చేనికి పోయాడు. అందరూ దవాఖానలో ఉన్నారు, చేలో ఎవరూ లేరు. కరెంటు బందు చేసి, పైపును టెస్టర్‌తో చూసుకొని, కొమ్ము కట్టిన తీగ విప్పాడు. తీగ కింద వైరు తోలు తెగి, రాగి కనిపిస్తోంది. దాని చుట్టూ నల్లగా కాలింది. మోటరు మొదలైన ప్రతిసారీ పైపు ఒక ఊపు ఊగుతుంది. ఊగినప్పుడల్లా తీగ రంపంలా కోసింది. అతను బురదలోనే కూర్చుండిపోయాడు. తర్వాత లేచి, వైరు బాగుచేసి, రబ్బరు పట్టీ వేసి, ఆ తీగ ముక్కను జేబులో పెట్టుకొని, కొమ్మును పంచె కొంగున కట్టుకొని ఇంటికి వచ్చాడు. బయట ఎవరికీ చెప్పలేదు.

అప్పటికే ఊరు వేరే మాట పుట్టించింది. వెంకవ్వ ముట్టరాని రోజుల్లో బోరు ముట్టిందట, గంగమ్మకు కోపం వచ్చిందట. ఆ మాట వెంకవ్వ దవాఖాన నుంచి వచ్చేలోపే ఆమె ఇంటికి చేరింది. ఇంట్లో వాళ్లు నోరు తెరిచి అనలేదు గాని, నీళ్ల బిందె దగ్గరికి ఆమెను రానివ్వడం మానేశారు. ఎవరో ఒకరు ముంచి చెంబు ముందర పెట్టేవారు. చేనికి తీసుకుపోయేవారు కాదు.

తీగ తెచ్చిన ఆ సాయంత్రం నడిపయ్య కంచం ముందు కూర్చొని అన్నం కెలుకుతున్నాడు.

"కూర బాగలేదా?" అంది నీలవ్వ.

"బాగున్నది."

"బాగుంటే నోట్లె పెట్టుకో. అన్నాన్ని ఎందుకు బాధపెడుతవ్?"

అతను జేబులోంచి తీగ ముక్క తీసి కంచం పక్కన పెట్టాడు. అంతా చెప్పాడు. నీలవ్వ ఆ తీగను చాలాసేపు చూసింది. అతని కంచంలో ఇంత మజ్జిగ పోసి, "తాగన్న తాగు" అంది. కాసేపటికి "ఇంక ఎన్ని బోర్లకు కట్టినవ్?" అని అడిగింది.

"అందుకే దిగుతలేదు అన్నం."

మరునాటి నుంచి తిరిగాడు. సైకిల్ మీద ఊరూరూ. కొందరు రైతులు తీయనిచ్చారు. వాటిలో సగానికి తోలు కోసుకుపోయే ఉంది. రాగి అంటడానికి వెంట్రుకవాసి మిగిలిన వైరును చూసి నడిపయ్య రెండు చేతులూ జోడించాడు. కాని ఎక్కువమంది చెయ్యి వేయనివ్వలేదు. మోర్తాడ్‌లో రామవ్వ బోరు గురించి అతనికి అన్నిటికంటే ఎక్కువ భయం. ఎండలు ముదిరితే ఆ వాడకట్టు ఆడవాళ్లంతా తాగే నీళ్లు ఆ పైపు కిందనే పట్టుకుంటారు. రామవ్వ పెద్దమనిషి, నలుగురు వినే మాట ఆమెది. ఆమె ఒప్పుకుంటే ఆ దిక్కున ఉన్నవాళ్లందరూ ఒప్పుకుంటారు.

"అవ్వా, తీగ ఇప్పేస్త. వైరును కోస్తున్నది" అన్నాడు నడిపయ్య.

"కట్టింది ఎవరు?"

"నేనే."

"నువ్వే కడ్తివి, నువ్వే తప్పంటివి. నీ ఏ మాట నమ్మాలె? కట్టు ఇప్పితే తల్లి ఉంటదా? లింగన్న మొదటి బోరు ఏమైంది?"

"గది నీళ్లు లేక ఎండింది అవ్వా. దారానికి ఏం సంబంధం?"

"ఏ నీళ్లు ఎవ్వలు ఇస్తరో నీకెర్కనా?"

నడిపయ్య కూడా నీళ్లు ఇచ్చేది తల్లేనని నమ్మేవాడే. సంచిలోంచి రబ్బరు పట్టీ తీసి చూపించాడు. దీనితో కడతాను, ఏళ్లకేళ్లు ఉంటుంది అన్నాడు. రామవ్వ దాన్ని ముట్టుకోకుండానే మూతి తిప్పింది.

"లారీ కింద తిరిగింది. రోడ్డు మీది పెంట అంత తొక్కింది. దానితోని పసుపు కడ్తవా? సిగ్గులేదా నీకు?"

"వెంకవ్వక్కకు అయినట్టు ఇంకొకలకు కావద్దని."

"వెంకవ్వ ముట్టరాని దినాలల్ల ముట్టింది, అయింది. తీగను ఎందుకు అంటవు?"

"తీగనే అవ్వా. నేను సూసిన. తోలు కోసింది."

రామవ్వ అతని ముఖంలోకి చూసింది. "గా మాట లింగన్న ఇంట్ల చెప్పినవా?"

నడిపయ్య తల వంచుకున్నాడు.

"వాళ్లకు చెప్పని మాట నాకు చెప్తున్నవ్. మంచిగనే ఉన్నది" అంది ఆమె. లోపలికి పోయింది. పో అన్నట్టే అనుకొని అతను సైకిల్ స్టాండు తీశాడు. అంతలో ఆమె గిన్నెలో మక్కజొన్న రవ్వతో వండిన గడ్క, దాని మీద చల్ల పోసుకొని వచ్చింది. "ఎండల వచ్చినవ్. తిని పో. కట్టు మాత్రం ఇప్పనియ్య" అంది. అతను అరుగు మీద కూర్చొని తిన్నాడు. తిన్నాక, బోరు పైపు చుట్టూ రేగు ముండ్ల కొమ్మలు పేర్చి పెట్టి, ఎవరినీ పట్టుకోనియ్యొద్దని బతిమాలి వచ్చాడు. ముండ్లు ఎన్నాళ్లు ఉంటాయో అతనికి తెలుసు. నీళ్లకు తొందరపడే ఆడవాళ్లు వాటిని కాలితో పక్కకు నెట్టేస్తారు.

దారిలో దేవిదాస్ షాపు ముందు ఆగాడు. ముఖం చూసి దేవిదాస్ వేళాకోళం ఆడలేదు.

"సేటు, ఎన్నడూ చక్రానికి ఎక్కని ట్యూబు ఉంటదా?" అని అడిగాడు నడిపయ్య.

దేవిదాస్ గోడకు వేలాడుతున్న కొత్త ట్యూబు దించి, అట్టపెట్టెతో సహా అతని సైకిల్‌కు కట్టాడు. ఎందుకని అడగలేదు.

ఇంట్లో ఆ రబ్బరును పసుపు నీళ్లతో కడిగి, తులసికోట దగ్గర ఆరబెట్టాడు. మనసులో ఇంకా గుంజాటనగానే ఉంది. నీలవ్వ ఒక మాట అంది: "పాలు పిండేటప్పుడు బర్రె కాళ్లకు ఏ తాడు కడ్తమో సూసి పాలు నైవేద్యం పెడ్తమా? శుద్ధి జేసినంక శుద్ధే." అది విన్నాక అతని కత్తెర కదిలింది. ఈసారి పట్టీని వెడల్పుగా కోశాడు. తల, చీలిక మామూలే. నడుమ ఇంకో రెండు చీలికలు పెట్టాడు, కొమ్ము వాటిలో బిడ్డ ఉయ్యాలలో పడుకున్నట్టు కూర్చునేలా. లింగన్న చేను నుంచి తెచ్చిన కొమ్మును అందులో పెట్టి, ఒక వైరు ముక్కతో కలిపి పెరటి పైపు చుట్టూ వేసి చూశాడు. కొమ్ము ఒక దిక్కు వచ్చింది, వైరు ఎదుటి దిక్కున ఉండిపోయింది, నడుమ పైపు. ఒకదాన్ని ఒకటి తాకే దారి లేదు. విప్పి, మళ్లీ వేసి, పైపును సుత్తితో కొట్టి ఊపి చూశాడు. కొమ్ము కదలలేదు. వైరు మీద గీత పడలేదు.

మరునాడు పొద్దున తీగ ముక్క, కొత్త పట్టీ రెండూ తీసుకొని లింగన్న ఇంటికి పోయాడు. రామవ్వ అడిగిన మాట దారి పొడుగునా చెవుల్లో మోగుతూనే ఉంది. చిత్రమేమంటే, తను ఇన్ని ఊళ్లు తిరిగాడు, ఇన్ని గడపలు ఎక్కాడు, ఈ ఒక్క గడపే ఎక్కలేదు.

లింగన్న వాకిట్లో ఎండిన పసుపు తిరగదోస్తున్నాడు. వెంకవ్వ అరుగు మీద కూర్చుంది. ఎడమ చెయ్యి ఒడిలో ఉంది, కొంగు దాని మీద కప్పి ఉంది. ముందర నిండు చెంబు.

"రా తమ్మీ. కూసో" అంది ఆమె. 

నడిపయ్య కూర్చోలేదు. తీగ ముక్క తీసి అరుగు మీద పెట్టాడు.

"అక్కా, కొమ్ము కట్టిన తీగ ఇది. వైరు తోలు దీనితోనే తెగింది. నువ్వు దవాఖానల ఉన్ననాడే సూసిన. వైరు మీదికెళ్లి తీగ పోవద్దని నాకు ఎర్కనే. ఎర్కుండి కట్టిన."

లింగన్న చేతిలోని పార పక్కన పడేశాడు. "ఆనాడే సూసినవా?"

"ఆనాడే అన్నా."

"నా ఇంటి మనిషి సావుదాంక పోయొచ్చింది. ఊరంత దీన్ని నోటికొచ్చినట్టు అంటుంటే ఇన్నొద్దులు ఏడున్నవ్రా?"

"భయమైంది."

"నీకు భయమైంది. ఇది ఇంట్ల నీళ్లు ముట్టకుండ కూసున్నది." ఆ కోపంలో కొంత లింగన్నకు తన మీద తనకే అని నడిపయ్యకు తెలిసింది. బిందె దగ్గరికి రావద్దని అనకపోయినా, రమ్మని కూడా అనలేదు లింగన్న.

వెంకవ్వ తీగ ముక్కను కుడిచేత్తో తీసుకొని అటూ ఇటూ తిప్పింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అయితే నా మైల కాదా తమ్మీ?"

"కాదక్కా. నా తీగ."

"తల్లికి కోపం రాలే?"

"నీ మీద రాలే. వస్తే నా మీద రావాలె."

"గట్టిగ కట్టుమన్నది నేనే గదా."

"గట్టిగ అన్నవ్. తీగ అని నువ్వన్లే అక్కా."

ఆమె లేచింది. ముందరున్న చెంబును అక్కడే వదిలేసి, గడప దాటి లోపలికి పోయింది. లోపల బిందె మీది మూత తీసిన చప్పుడు వినిపించింది. కుడిచేత్తో నీళ్లు ముంచుకొని బయటికి వచ్చి, లోటా నడిపయ్య ముందుకు చాచింది. లింగన్న చూస్తూ నిలబడ్డాడు, కాదనలేదు. పార మళ్లీ అందుకొని, వాళ్ల దిక్కు వీపు తిప్పి పసుపు తోయసాగాడు. పసుపు మీద పార గీసుకున్న చప్పుడు కాసేపు అట్లాగే వినిపించింది.

నడిపయ్య నీళ్లు తాగి, లోటా రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. అప్పుడు కూర్చున్నాడు, అరుగు కింద, నేల మీద. సంచిలోంచి కొత్త పట్టీ తీసి ఆమె ముందర పెట్టాడు.

"అక్కా, ఒక్కటి అడుగుత. అడగనీకి మొకం లేదు గని అడుగుత. ఇంక శాన బోర్లకు గా తీగ ఉన్నది. మోర్తాడ్ల రామవ్వ బోరు కాడ వాడకట్టంత నీళ్లు పడ్తరు. నేను ఇప్పుతా అంటే ఇప్పనిస్తలేరు. రబ్బరు మైలంటున్నరు. నిన్ను మైలంటున్నరు. నేను ఎంత మొత్తుకున్నా ఇంటలేరు. దెబ్బ తిన్నదానివి, నీ నోట ఇంటే ఇంటరు."

వెంకవ్వ పట్టీని వేళ్లతో నిమిరింది. ఉయ్యాల లాంటి చీలికల్లో వేలు పెట్టి చూసింది.

"ఇది ముడెయ్యొద్దు" అన్నాడు నడిపయ్య. "గీ తలను గీ సందులకెళ్లి గుంజితే సాలు, అదే ఆగుతది. ఒక్క చెయ్యితోని అయితది. నువ్వు నా యెంబడి మోర్తాడ్ రా అక్కా. లింగన్న కూడ రానీ. రేపు పగటిపూట కరెంటు ఉండని జాముల పోదం. నా తప్పు నేను అందరి ముంగట చెప్త. చెప్పినంక, గా రామవ్వ బోరుకు పసుపు కొమ్ము నీ చెయ్యితోని కట్టాలె. వస్తవా?"